సెన్షూర్‌కు కృతజ్ఞతా కూడిక

నా పేరు గిడియోన్. బొగ్గుగని ఆఫీసులో గుమస్తాను. గోదావరిఖనిలో నా అంత ఇంగ్లీషు ఎవరికీ రాదని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ లేదు. తప్పు చేసిన కార్మికుడికి పైనుంచి సెన్షూర్ కాగితం వస్తే, చేతికిచ్చి అర్థం చెప్పేది నేనే.

"జీతం కొయ్యరు, పనిల నుంచి తియ్యరు. నువ్వు చేసింది తప్పని రాసి ఫైల్ల పెడ్తరు, గంతే. ఫికర్ చెయ్యకు" అనేవాణ్ణి, జలుబుకు మందు చెప్పినంత తేలిగ్గా.

పోయిన నెల అది నాకే వచ్చింది.

ఆదివారం సెలవైనా గనిలో నీళ్లు తోడే పంపులు ఆగకూడదు. నడిపేవాళ్ల పేర్లు శనివారమే గేటు దగ్గర బోర్డు మీద పెట్టాలి. పేరు లేకపోతే ఎవరూ డ్యూటీకి రారు. చర్చిలో పాటల ప్రాక్టీసు ఉందన్న తొందరలో నేను ఆ పని మరిచిపోయాను. మర్నాడు పైన చర్చిలో నేను కళ్లు మూసుకొని గొంతెత్తి పాడుతుంటే, కింద గనిలో నీళ్లు పెరుగుతున్నాయి.

సెన్షూర్ జేబులో పెట్టుకొని ఇంటికి వచ్చాను. నా భార్య సువార్త చూడనే చూసింది.

"ఏందది?"

"నా పని గురించి కంపెనీ తన అభిప్రాయం రాసిచ్చింది."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అంత తెలివిగా చెప్పినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. సువార్త ముఖం మాత్రం వెలిగిపోయింది.

"ఇన్నేండ్లకు నిన్ను గుర్తువట్టిండ్రు!" అంది. నేను నోరు తెరిచేలోపే పాస్టరుగారికి ఫోన్ చేసి, దేవుడికి కృతజ్ఞతలు చెప్పడానికి ఇంట్లో ప్రార్థన, కృతజ్ఞతా కూడిక, పెట్టించింది.

ఆ రోజు మా కంపెనీ క్వార్టరు జనంతో నిండిపోయింది. పక్కింటి సదానందం కూడా వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. ఆ సోమవారం పొద్దున నీళ్లలోకి దిగి పంపు నడిపించింది అతనే. అతనికి అంతా తెలుసు. ఒక్క మాటంటే నా పరువు గోదాట్లో కలుస్తుంది.

"బ్రదర్, దేవుడు చేసిన మేలు గురించి మీ సాక్ష్యం చెప్పండి" అన్నారు పాస్టరుగారు.

లేచాను. సదానందం నా వైపు చూసి తల దించుకున్నాడు. నన్ను కాపాడుతున్నాడని అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను.

"నాకొచ్చింది సెన్షూర్. అంటే మెచ్చుకోలు కాదు. తప్పు చేశానని కంపెనీ నన్ను మందలించింది" అని జరిగిందంతా చెప్పాను. సువార్త ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె నా వైపే చూడలేదు.

"నీళ్లెంత దాక వచ్చినయన్నా?" అని సదానందాన్ని అడిగింది.

"ఛాతి దాక, చెల్లె. ఓసారి కాలు జారి మునిగిన. ఎట్లనో పైకొచ్చిన."

"దెబ్బ గిట్ల తాకిందా?"

"లేదు. గా మాట నన్ను ఇయ్యాల్టి దాక ఎవ్వలడగలె."

పక్కింట్లోనే ఉంటూ నేనూ అడగలేదు. నా ఫైలు పాడైందని మాత్రం రోజూ ఏడ్చాను.

పాస్టరుగారు కూడిక ఆపలేదు. సదానందం ప్రాణాలతో పైకి వచ్చినందుకు అందరం దేవుడికి కృతజ్ఞతలు చెప్పాం. నేను చేసినదానికి కంపెనీ నన్ను చాలా మర్యాదగా తిట్టిందని నాకు అప్పుడు తెలిసింది.