రూబీ కుర్చీ

కూతురి గుర్తింపు కార్డు అప్పగించడానికి ఆ కాల్ సెంటర్ ఆఫీసు మెట్లెక్కిన దర్జీ గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల ఎవరో ఆడపిల్ల ఫోనులో, "హలో, రూబీ మాట్లాడుతున్నా" అని ఇంగ్లీషులో అంటోంది.

రూబీ తన కూతురు. అసలు పేరు విదేశాల వాళ్ళకు నోరు తిరగదని ఆఫీసు తగిలించిన పేరది. "మొదట పాపీ అన్నారమ్మా. ఏదో పువ్వట. నేనేం పాపం చేశానని పోట్లాడి రూబీ, అంటే కెంపు, తెచ్చుకున్నా" అని అప్పట్లో పిల్ల పడీపడీ నవ్వింది. ఎవరో విదేశీ కస్టమర్ "సిక్" అంటే ఒంట్లో నలతేమో అనుకుని ఓదార్చిందట. వాళ్ళ కుర్రకారు మాటల్లో అదిరిపోయిందని అర్థమట. ఆ నవ్వు ఆగి రెండు నెలలైంది.

ఇక్కడేదో మతలబు ఉంది.

"నా పిల్ల పేరుతో మాట్లాడేదెవరండీ?" అని లోపలికెళ్ళి అక్కడి సూపర్‌వైజర్‌ను నిలదీసింది.

"పేరు కుర్చీదమ్మా. అందులో ఎవరు కూర్చుంటే వాళ్ళే రూబీ. మనిషి మారినట్టు కస్టమర్లకు తెలియకూడదు."

"అంటే, అది పోయిందని ఎవరికీ చెప్పలేదా?"

ఆయన టై సర్దుకున్నాడు.

దర్జీ నేరుగా ఆ కుర్చీ దగ్గరికి నడిచింది. బల్ల మీద కూతురి నీలం కప్పు. దానివైపు వేలు చూపింది.

"ఇదీ కుర్చీతో పాటే వచ్చిందా?"

కొత్త పిల్ల చటుక్కున లేచింది. "అక్కదండీ. నేను వాడను. దుమ్ము తుడిచి పెడతానంతే."

నమ్మలేదు. కప్పెత్తి లోపలికి చూసింది. అడుగున ఎండిపోయిన టీ మరక అలాగే ఉంది. కడగడానికి ఈ పిల్లకూ చేతులు రాలేదన్నమాట.

ఇంతలో ఫోను మోగింది. తెర మీద నంబరు చూసి ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. "వారం వారం అక్కతో మాట్లాడే పెద్దాయన. జలుబు చేసి గొంతు మారిందని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను."

"ఎత్తు" అంది దర్జీ.

ఎత్తింది. రూబీ అనలేదు, తన సొంత పేరు చెప్పింది. అవతల పెద్దాయన ఏదో అడిగాడు.

ఆ పిల్ల మైకు మూసి తలెత్తింది. "రూబీ ఏదని అడుగుతున్నారండీ."

సూపర్‌వైజర్ దూరం నుంచే వద్దని చెయ్యి ఊపాడు.

దర్జీ కప్పును రెండు చేతులా పట్టుకుంది.

"లేదని చెప్పమ్మా" అంది. "ఆయన దాని అసలు పేరు అడిగితే, అదీ చెప్పు. నోరు తిరిగేదాకా చెప్పు."