డాబా మీద దొరగారు

మా డాబా మీద ఒక దొరగారు దిగినాడు. తెల్లటి పలక, కింద ఇనప కాలు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల దగ్గర్నుంచి నేరుగా మా ఇంట్లోకి ఇంటర్నెట్ దింపుతాడట. శ్రీకాకుళం నుంచి బిగించడానికొచ్చినోడు "సుట్టూ ఏటీ అడ్డుండకూడదు" అన్నాడు. అంతే, మా ఆయన కొండబాబు దాన్ని డాబా నడిమధ్యన పెట్టించీసినాడు. నానెక్కడ సేపలెండబెట్టుకోవాలని ఒక్క ముక్క అడిగినాడా? అడిగితే మొగుడెలగవుతాడు!

సర్కారోళ్ళు సముద్రంలో వేట బందెట్టిన రోజులు మరి. ఇంజన్ పడవలన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. సముద్రం మీదకెల్లని మగోడు ఇంట్లో ఎంత అడ్డమో మా ఈదిలో ఏ ఆడదాన్నడిగినా సెప్తాది. మా ఆయనకి ఈ దొరగారు దొరికినాడు గనక, అరుగు మీద కూకుని వొచ్చినోడికీ పోయినోడికీ "మాది పైనుంచి వొస్తాది, స్తంభాల్తో పనినేదు" అని సెప్పుకోవడమే ఉద్యోగం అయిపోనాది.

నా పని నాది. తెప్పలోళ్ళు తెచ్చిన నెత్తళ్ళు ఒడ్డున కొని, కడిగి, డాబా మీద ఎండబెడతాను. ఇన్నాళ్ళూ ఆ ఎండుసేపలు గంపకెత్తి, నెత్తినెట్టుకుని, ఆటోలెక్కి దిగి, నరసన్నపేట సంత దాకా మోసినాను. మెడ నరాలు పట్టీసి తల తిప్పనేకపోతన్నాను. ఈసారి నరసన్నపేట షావుకారు జగన్నాధం "సరుకు శుభ్రంగా ఉంటే ఇకమీదట మీ ఇంటికే బండి పంపుతాను బుల్లమ్మా, నువ్వు మొయ్యక్కర్నేదు" అన్నాడు. రేపొచ్చి సూస్తానన్నాడు. గంప మొయ్యక్కర్నేదన్న మాటకి నాకు కళ్ళంట నీళ్ళొచ్చినాయి.

ఆ మద్దేనం ఒకటే ఉక్క. సముద్రం వైపు నల్లగా కమ్మింది. పైన నెత్తళ్ళు గలగలమనేలాగ ఎండినాయి.

"మావా, బరకం తీసుకుని బేగి పైకెక్కు, వానొస్తాది!" అని కేకేసినాను.

"ఉండవే, ఫోన్లో సూసి సెప్తాను."

"ఫోనెందుకు, తలెత్తి సూడు!"

"నీదంతా పాతకాలం. పైన ఉపగ్రహం మన ఊరిని సూస్తన్నాది. నీకన్నా దానికి తెలీదేటి?" అని ఫోన్ తీసినాడు. అందులో ఏదో గుండ్రంగా తిరుగుతన్నాది. "వొస్తన్నాది, వొస్తన్నాది" అన్నాడు. వొచ్చింది వాన.

మబ్బు దట్టంగా పడితే దొరగారికి సూపానదన్న సంగతి అప్పుడు తెలిసినాది. పోన్లే, మనిషైతే లేచినాడు. బరకం పట్టుకుని మెట్లెక్కినాడు. నాను వాకిట్లో గంపలు లోపలెట్టి ఎనకాలే పరిగెత్తినాను.

ఓలమ్మో! బరకం దొరగారికి కప్పీసి, తాడుతో బిగించీసి, ఎగిరిపోకుండా దాన్ని కావలించుకుని నించున్నాడు. నా నెత్తళ్ళు సచ్చినాక మళ్ళీ ఈదడం మొదలెట్టినాయి.

"నీ మొకం మండ! సేపలు కప్పమంటే ఏటి కప్పినావు?"

"వానొస్తే ముందు ఇంజన్ కప్పాలే! ఇంజన్ తడిస్తే ఒడ్డుకి సేరం" అన్నాడు, వణుకుతూ. సిన్నప్పట్నుంచీ పడవలో అదే నేర్సుకున్నాడు. సుక్క పడితే సాలు, సెయ్యి ముందు ఇంజన్ మీదికే పోద్ది. దొరగారికి వానేటీ సెయ్యదని ఆ బిగించినోడు సెప్పినాడు కూడా. ఎవుడింటాడు?

"ఇది పడవా? ఈ డాబాని ఏ ఒడ్డుకి తోల్తావురా?" అని అరిసినాను. మొగుణ్ణి రా అన్నానని ఈదంతా ఇన్నాది. ఇననీ.

మర్నాడు జగన్నాధం వొచ్చినాడు. గుప్పెడు నెత్తళ్ళు తీసి వాసన సూసినాడు. సేతులు కడుక్కుని, "ఇంకోసారి సూద్దాంలే" అని బండిని పక్క ఈదిలో ఎండుసేపలమ్మే కుసుమకుమారి ఇంటికి తిప్పించినాడు. సరిగ్గా అప్పుడే మా ఆయన ఫోన్ మోగినాది.

"సూసినావేటి, సిగ్నలొచ్చీసింది! నిన్న మద్దేనం వానొస్తాదని సెప్తంది" అన్నాడు, అబద్ధం ఆడనేదు సూడు అన్నట్టు.

సంతరోజు వొచ్చినాది. బాగున్నవి ఏరి, మళ్ళీ ఎండబెట్టి, గంపకెత్తినాను. మా ఆయన సాయం పట్టి గంప నా నెత్తికెత్తినాడు. ఎత్తి, ఎంతో పేమగా అన్నాడు:

"నీ ఫోన్లో లొకేషన్ పెట్టీసినానే. నువ్వెక్కడున్నావో నాను ఇంటికాడ కూకునే సూసుకుంటాను. నీకేటీ బయం నేదు."

నాను గంప దింపినాను. సుట్టకుదురు తీసి ఆయన నెత్తిన సరిగ్గా పెట్టి, దాని మీద గంపెట్టినాను. నా ఫోన్ ఆయన జేబులో యేసి, ఆయన ఫోన్ లాక్కుని, అరుగు మీద కాళ్ళు సాపుకుని కూకున్నాను.

"ఎల్లు మావా" అన్నాను. "నాను సూస్తంటాను."