గోలీ కదలని చోటు

తాళాలాయన సందు మొదట్లో ఆగి, బెల్టుకున్న తాళాల గుత్తి చప్పుడు కాకుండా పట్టుకుని, చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి, ఓరగా చూశాడు. మూడో ఇంటి మెట్ల మీద టీచరమ్మ కూర్చుని ఉంది. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని పేపరు చదువుకుంటోంది. ఆయన నడుం ఎత్తి, ఏదో మర్చిపోయినవాడిలా జేబులు తడుముకుని, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

ఆ సందులోంచి వెళ్తే ఆఫీసు నాలుగు నిమిషాలు. ఇస్త్రీ బండి, సైకిల్ షాపు, మందుల కొట్టు దాటుకుని చుట్టూ తిరిగితే పదిహేను. రెండేళ్ళుగా ఆయనది పదిహేను నిమిషాల దారే.

ఇళ్ళు కొనిపెట్టే, అమ్మిపెట్టే ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన పని ఒకటే: తలుపు తీసి ఇల్లు చూపించడం. బెల్టుకి ఇనుప రింగు, దానికి ముప్ఫై దాకా తాళంచెవులు. వీధిలోకి ముందు తాళాల చప్పుడు వచ్చేది, వెనకాల ఆయన వచ్చేవాడు. అసలు పేరు ఇంట్లో గ్యాసు పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. బక్కపలచటి మనిషి. ఖాళీ ఇళ్ళలో గొంతు మోగుతుందని నెమ్మదిగా మాట్లాడీ మాట్లాడీ, ఇప్పుడు బజార్లో కూడా గట్టిగా పలకలేడు. చొక్కా జేబులో ఒక పెన్ను, ఒక టేపు, ఒక ఆకుపచ్చ గాజు గోలీ.

గోలీ పెద్ద యజమాని ఇచ్చింది. ఉద్యోగంలో చేరిన వారానికి చేతిలో పెట్టి చెప్పాడు.

"కొత్తగా కొనేవాడికి కాగితాలు అర్థం కావు, గోడలు అర్థం కావు. గోలీ అర్థమవుతుంది. కింద పెట్టు, కదల్లేదని చూపించు. ఆ తర్వాత నువ్వేం మాట్లాడక్కర్లేదు."

ఎంత వంకర ఇంట్లోనైనా గోలీ కదలని చోటు ఒకటి ఉంటుంది. కొనేవాళ్ళకంటే అరగంట ముందు వెళ్ళి ఆ చోటు వెతికి పెట్టుకోవడమే తాళాలాయన విద్య. ఒక్కోసారి హాల్లో, ఒక్కోసారి గుమ్మం పక్కన, ఒకసారైతే బాత్రూం ముందు దొరికింది. దొరకని ఇల్లు ఇంతవరకూ లేదు.

టీచరమ్మ ఇంట్లో అది కిటికీ కింద దొరికింది.

ఆవిడ రిటైరైనప్పుడు వచ్చినదంతా పోసి ఆ కింది వాటా కొంది. అద్దెకిచ్చుకుని, అక్కకూతురి ఇంట్లో ఉంటూ, నెలనెలా అద్దె అందుకుంటూ బతుకుదామనుకుంది. ఏడాది తిరక్కుండా వెనక గోడ చీలింది. వెనక ఎప్పుడో పూడ్చేసిన మురిక్కాలువ ఉందని అప్పుడు బయటపడింది. అద్దెకొచ్చినవాళ్ళు మూడో నెలకే సామాను సర్దుకునేవారు. చివరికి ఆవిడే వచ్చి ఆ ఇంట్లో ఉంటోంది. ఒకరోజు తాళాలాయన ఎదురుపడితే తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ సందులోంచి తల వంచుకునైనా నడిచేవాడు.

"ఇల్లు మంచిదే అన్నయ్యా. గోలీ కదల్లేదు, మనిద్దరం చూశాంగా! నాకే కలిసిరాలేదు" అంది.

ఆరోజు నుంచీ చుట్టుదారి.

ఆఫీసులో చిన్న యజమాని ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకుంటూ, గడియారం చూస్తూ తిరుగుతున్నాడు. పెద్దాయన పోయాక కొడుకు కుర్చీలో కూర్చున్నాడు. తాళాలాయన్ని బాబాయ్ అంటాడు. అవసరం ఉన్నప్పుడు ఆ పిలుపు ఇంకాస్త తియ్యగా సాగుతుంది.

"బాబాయ్, నాలుగింటికి ఆ వెనక వీధి ఫ్లాటు. కొత్త జంట, మొదటిసారి కొంటున్నారు. ఇవాళ అడ్వాన్సు పడాలి. ఆర్నెల్లుగా నా మెడ మీద కూర్చుంది అది."

"రంగు వేయించారా?"

"రెండు పూతలు. వెనక గోడకి మూడు." నవ్వాడు. "ఇది కదిలితే మా మేడ మీద గది నీదే. అద్దె మాట నా నోట రాదు. పిన్నికి చెప్పావా?"

చెప్పాడు. అదే ఆయన చేసిన పొరపాటు.

వాళ్ళుంటున్న ఇంటి ఓనరు నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. ఇంత తక్కువ అద్దెకి ఇల్లు ఇంకెక్కడా దొరకదు. మేడ మీద గదికి రెండు కిటికీలు. ఆ మాట విన్నప్పట్నించీ భార్య కాలు నిలవలేదు. పొద్దున్న కిటికీ తెరలకని నీలం గుడ్డ మంచం మీద పరిచి కూర్చుంది.

"ఊళ్ళో వాళ్ళందరికీ గదులు చూపించారు, నాకు మాత్రం ముప్ఫై ఏళ్ళు ఒక్క కిటికీతో సరిపెట్టారు. ఏవండీ, కొలత సరిగ్గానే తెచ్చారా? కత్తెర పడ్డాక మళ్ళీ అతుకులు నావల్ల కాదు."

"సరిగ్గానే తెచ్చాను. సాయంత్రం దాకా ఆగు."

"ఆగుతాను. ముప్ఫై ఏళ్ళు ఆగినదాన్ని, ఒక్క పూట ఆగలేనా?" అని కత్తెరని ఆ గుడ్డ మీదే పెట్టింది.

మూడున్నరకి ఆయన వెనక ఫ్లాటు తలుపు తీశాడు. కొత్త రంగు వాసన గొంతులో పట్టుకుంది. కిటికీలు తెరిచాడు. వెనక గోడ అవతల చదును చేసిన నేల, నేల మీద రెల్లు. రెల్లు ఎక్కడ మొలుస్తుందో ఆయనకి తెలుసు. టీచరమ్మ ఇంటి వెనకా ఇదే కాలువ.

గోలీ తీసి హాలు మధ్యలో పెట్టాడు. అది ఒక క్షణం ఆలోచించి, వెనక గోడ వైపు బయల్దేరింది. వంటింట్లో పెట్టాడు, వెనక గోడకే. పడగ్గదిలోనూ అంతే. మోకాళ్ళ మీద పాకుతూ, చెమట తుడుచుకుంటూ వెతికాడు. ఎట్టకేలకు వీధి గుమ్మం పక్కన, రెండు బండలు కలిసే చోట గోలీ నిలిచింది. అక్కడ పెన్నుతో కనపడీ కనపడని చుక్క పెట్టాడు.

గేటు దగ్గర నవ్వులు వినిపించాయి.

పిల్లలిద్దరూ పెళ్ళయి మూడు నెలలు కానివాళ్ళు. అబ్బాయి ఫోన్లో పెద్ద చిట్టా రాసుకొచ్చాడు. అమ్మాయి చెప్పులు విడిచి, వట్టికాళ్ళతో గదులన్నీ తిరిగొచ్చి, వంటగట్టుని జానలతో కొలవడం మొదలుపెట్టింది.

"తొమ్మిది జానలు! మన ఇంట్లో ఏడే."

"మేడమ్, మనం ఉండబోయేది కాదు. అద్దెకివ్వడానికి. గుర్తుందా?"

"ఉంది సార్. ఎవరో ఒకళ్ళు ఇక్కడ నిలబడి పొద్దున్నే కాఫీ పెట్టుకుంటారుగా. వాళ్ళ మోచెయ్యి గోడకి తగలకూడదు" అని మోచెయ్యి ఆడించి చూపించింది. అబ్బాయి నవ్వాడు. తాళాలాయనకీ నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో అద్దెకుండేవాడి మోచెయ్యి గురించి ఆలోచించినవాళ్ళని ఆయన చూడలేదు.

అబ్బాయి ఫోను చూసి చదివాడు. "బస్సు దగ్గర, ఉంది. నీళ్ళు, ఉన్నాయి. అద్దె ఎంతొస్తుందో కనుక్కున్నాం. ఇంకేం చూడాలి అంకుల్? మాకు ఇదే మొదలు. ఇద్దరి జీతాల్లో దాచిందంతా ఇందులోకే వస్తోంది."

"మీరైతే కొంటారా అంకుల్?" అంది అమ్మాయి.

ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. 'నాకంత అదృష్టమా తల్లీ' అన్న జవాబు ఎప్పుడూ నాలుక చివరే ఉంటుంది. ఇవాళ నోరు తెరిస్తే అది రాలేదు. బెల్టుకున్న రింగు సర్దుకున్నాడు. తాళాల గుత్తి గలగలమంది.

ఇంతలో చిన్న యజమాని కాగితాల సంచీతో వచ్చాడు.

"ఎలా ఉంది? అయిదింటికి ఇంకొకాయన వస్తానన్నాడు. ముందు మీకే అని ఆపాను." ఇంకొకాయన ఎవరూ లేరని తాళాలాయనకి తెలుసు. "బాబాయ్, మన గోలీ చూపించావా? చూపించు మరి. ఈయన గోలీ అబద్ధమాడదండీ."

అబ్బాయి అప్పటికే పెన్ను తీశాడు. అమ్మాయి చేతులు కట్టుకుని, గారడీ చూడబోతున్న చిన్నపిల్లలా నిలబడింది.

తాళాలాయన గుమ్మం వైపు నడిచాడు. చుక్క కాలి దగ్గరే ఉంది. వంగితే చాలు. మేడ మీద గది, రెండు కిటికీలు, మంచం మీద కత్తెర. వంగబోయాడు. మోకాలు కటుక్కుమంది. "మనిద్దరం చూశాంగా" అన్న టీచరమ్మ మాట చెవి పక్కనే వినిపించింది.

నడుం ఎత్తి, నాలుగడుగులు వేసి, హాలు మధ్యలో గోలీ పెట్టాడు.

"బాబాయ్" అన్నాడు చిన్న యజమాని.

గోలీ ఒక క్షణం ఆగింది. తర్వాత అది మెల్లగా కదిలింది, వేగం పుంజుకుంది, పడగ్గది గుమ్మం దాటింది. బండ మీద గాజు దొర్లుతున్న చప్పుడు, చివర్న టక్కుమని గోడకి తగిలిన చప్పుడు.

"పాలిష్ ఎక్కువైందండీ, జారుతోంది" అన్నాడు యజమాని నవ్వుతూ. అబ్బాయి పెన్ను మూత పెట్టాడు.

"ఇంకోసారి పెట్టండి అంకుల్" అంది అమ్మాయి నెమ్మదిగా.

"అక్కర్లేదమ్మా. ఎక్కడ పెట్టినా అక్కడికే వెళ్తుంది. వెనక పూడ్చిన కాలువ ఉంది." ఆయన గొంతు ఖాళీ ఇంట్లో మోగింది. "ఇల్లు కొనేటప్పుడు చూపించేవాడు నిలబడ్డ చోట నిలబడకండి. వర్షం వెలిసిన మర్నాడు మీరిద్దరే రండి. పక్కింటి తలుపు తట్టి, అద్దెకున్నవాళ్ళు ఎందుకు ఖాళీ చేశారో అడగండి. ఆ తర్వాతే కొలుచుకోండి, జానలు."

చిన్న యజమాని కాగితాల సంచీ చంకలో ఇరికించుకున్నాడు. "మా నాన్న అన్నం పెట్టాడు నీకు."

"పెట్టాడు బాబూ. గోలీ కూడా ఆయనే చేతిలో పెట్టాడు."

బెల్టు నుంచి రింగు విప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళలో కొక్కెం బిగుసుకుపోయింది. కిటికీ అరుగు మీద రింగు పెట్టి, చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. అడుగుల చప్పుడు తనదేనని గుర్తుపట్టడానికి కొంత దూరం వెళ్ళాల్సి వచ్చింది.

మలుపులో ఆగి ఇంటికి ఫోను చేశాడు.

"గుడ్డ కత్తిరించావా?"

"లేదు. మీరేగా ఆగమన్నారు."

"కత్తిరించకు."

అవతల కత్తెరని ఎక్కడో పెట్టిన చప్పుడు.

"సరేలెండి. ఎక్కడికెళ్ళినా ఒక్క కిటికీ అయినా ఉంటుందిగా. దానికే రెండు పొరలుగా కుడతాను. అన్నం తిన్నారా అసలు?"

ఆయన చుట్టుదారి పట్టలేదు. సందులోకి తిరిగాడు. తాళాల చప్పుడు లేదు కాబట్టి, ఆయన మెట్ల దగ్గరికి వచ్చేదాకా టీచరమ్మ తలెత్తలేదు.

"అన్నయ్యా! ఇన్నాళ్ళకి దారి తెలిసిందా? రండి, కూర్చోండి."

కూర్చున్నాడు. చెయ్యి అలవాటుగా చొక్కా జేబులోకి వెళ్ళింది. పెన్ను తగిలింది, టేపు తగిలింది.

"టీచరమ్మా, గోలీ సంగతి ఒకటి చెప్పాలి" అన్నాడు.

అవతలి వీధిలో, మూడు పూతలు రంగు వేసిన గోడ కింద, పక్క కిటికీలోంచి పడుతున్న సాయంకాలపు ఎండలో, చిన్న ఆకుపచ్చ నీడ వేసుకుని గోలీ కదలకుండా ఉంది.