పెద్ద పీపాకి ఏమైంది

ముందే ఒక సంగతి చెప్పేస్తాను, తర్వాత నన్ను అనకూడదు. వైన్ వాసన చూసి అది బాగుందో పాడైందో చెప్పడం నాకు రాదు. వచ్చినట్టు నటించడం మాత్రం బాగా వచ్చు. ఈ మాట మొదట మీకే చెబుతున్నానని రాయాలని ఉంది కానీ, ఈపాటికి ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఎలా తెలిసిందో చెబుతాను.

మా పెద్దమ్మా పెదనాన్నా ద్రాక్షతోట పెంచి, ఆ పళ్ళతోనే వైన్ చేస్తారు. చాలా చిన్న తోట, ఈ చివర తుమ్మితే ఆ చివర వాళ్ళకి వినబడుతుంది. నేను చదివింది సాఫ్ట్‌వేర్. మా కంపెనీ ఒకరోజు పొద్దున్నే వీడియో కాల్ పెట్టి, నవ్వు మొహంతోనే టీమ్ మొత్తాన్ని ఇంటికి పంపేసింది. గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునే బదులు ద్రాక్ష కోతకి రమ్మని పెద్దమ్మ పిలిచింది. కోత అయిపోయాక కూడా ఎవరూ వెళ్ళమనలేదు, నేనూ అడగలేదు.

పెదనాన్నది తోట. ఆయన ఆవు కొమ్ముల్లో పేడ కూరి చలికాలమంతా భూమిలో పాతిపెడతాడు. చలి తగ్గాక తవ్వి తీస్తే అది నల్లటి మెత్తటి మట్టిలా అయి ఉంటుంది. అందులోంచి పిడికెడు తీసి, వాననీళ్ళ తొట్టిలో వేసి కర్రతో తిప్పుతాడు. నీళ్ళలో సుడి పడగానే ఠక్కున రెండో వైపు తిప్పడం మొదలుపెడతాడు. చేతులు పడిపోయేదాకా అలా తిప్పి, సాయంత్రం తోటంతా చల్లుతాడు. డ్రిల్లింగ్ మిషన్‌కి రెక్క బిగించి ఇస్తాను, స్విచ్ వేస్తే చాలు అని ఒకసారి అన్నాను. ఆ మిషన్‌కి తోట అంటే ఇష్టమేనా అని అడిగాడు. ఇన్ని ఇంటర్వ్యూలకి వెళ్ళాను గానీ ఇలాంటి ప్రశ్న ఎవరూ వేయలేదు. అప్పటినుంచి ఆయన నన్ను 'యాప్' అని పిలుస్తాడు.

ఇంట్లో గోడకి ఆయన చంద్రుడి క్యాలెండర్ ఒకటి తగిలించాడు. చంద్రుడు ఎక్కడున్నాడన్న దాన్ని బట్టి ఒకటి వేరు రోజు, ఒకటి ఆకు రోజు, ఒకటి పువ్వు రోజు, ఒకటి పండు రోజు. పండు రోజున వైన్ జోలికి వెళ్ళొచ్చు. ఆకు రోజున అది మూతి ముడుచుకుని కూర్చుంటుందట. మొదట్లో నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని. ఈమధ్య తలనొప్పి వచ్చినా, ఫోన్ హ్యాంగ్ అయినా ముందు ఆ గోడ వైపే చూస్తున్నాను. ఎప్పుడు ఇలా తయారయ్యానో నాకే అర్థం కావడం లేదు.

పెద్దమ్మది సెల్లార్, అంటే ఇంటి కింద పీపాలుండే గది. ఆవిడ పెట్టుకున్న నియమం ఒక్కటే: పీపాలోకి ద్రాక్షరసం తప్ప ఇంకేదీ వెళ్ళకూడదు. బయట కొన్న ఈస్ట్ వేయదు, తొక్కల మీద పుట్టిన ఈస్ట్‌తోనే రసం పులియాలి. పాడవకుండా అందరూ కలిపే గంధకం కలపదు. అలా ఏదీ కలపకుండా వదిలేసిన వైన్‌కి కాపలా కాసేది ఆవిడ ముక్కు ఒక్కటే. వాసనలో రవ్వంత తేడా వచ్చినా మొదటిరోజే పట్టుకుంటుందని చుట్టుపక్కల వైన్ చేసేవాళ్ళందరూ చెప్పుకుంటారు.

రోజూ పొద్దున్న ఇద్దరం సెల్లార్‌లోకి దిగేవాళ్ళం. పెద్దమ్మ గాజుగొట్టంతో ఒక్కో పీపాలోంచి కాస్త వైన్ తీసి గ్లాసులో పోసి, "ముందు నువ్వు చూడు" అని నా చేతికిచ్చేది. నేర్పిస్తోంది కాబోలు అనుకున్నాను. నేను గ్లాసులో ముక్కు పెట్టి, కళ్ళు మూసినట్టే మూసి, రెప్పల సందులోంచి ఆవిడ మొహం చూసేదాన్ని. నుదురు ముడిపడి ఉంటే ఏదో తేడాగా ఉందనేదాన్ని. మొహం తేటగా ఉంటే పండిన పళ్ళ వాసన అనేదాన్ని. తర్వాత ఆవిడ చూసి తలూపేది. ఒక్కసారి కూడా తప్పు పోలేదు. నిజంగానే నాకు విద్య వచ్చేసిందేమోనని నాకే అనుమానం వచ్చింది.

ఇలా ఉండగా పెద్ద పీపా మూగబోయింది. తోటలోకెల్లా ముసలి తీగల రసం దాంట్లోనే ఉంది, ఈ ఏడాది పంటలో సగం. అప్పటిదాకా బుసబుసలాడుతూ పులిసింది కాస్తా ఉన్నట్టుండి ఆగిపోయింది. రసంలో తీపి ఎంత తగ్గిందో చూపించడానికి నేను ఒక సెన్సర్ వేసి పెట్టాను. ఫోన్‌లో దాని గ్రాఫ్ స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా పడుకుంది. సెన్సరే పాడైందేమోనని మార్చి చూశాను, కొత్తది కూడా అదే గీత గీసింది.

ఆ పొద్దున పెద్దమ్మ నుదురు గట్టిగా ముడిపడి ఉంది. కాస్త పుల్లటి వాసన వస్తోందన్నాను. మర్నాడు ఆ ముడి ఇంకా బిగిసింది. ఇంకా పుల్లగా ఉందన్నాను. ఆ తర్వాతి పొద్దున నేను దిగేసరికి ఆవిడ ముందే వచ్చి కూర్చుంది. బల్ల మీద ఒక కాగితం పొట్లం. రోడ్డుకి అవతలున్న పెద్ద వైన్ ఫ్యాక్టరీ వాళ్ళనడిగి గంధకం తెచ్చిందట.

పెదనాన్న మెట్ల మీద నిలబడి ఆ పొట్లాన్నే చూశాడు. "ఇవాళ ఆకు రోజు" అని మాత్రం అని, మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు.

న్యాయంగా నేను సంతోషించాలి. సైన్సు గెలిచినట్టే కదా. కానీ సిగరెట్ మానమని ఇంటిల్లిపాదినీ పోరే మనిషి తన జేబులోంచే పెట్టె తీసినట్టు అనిపించింది. ఎవరి పక్షాన ఉండాలో తోచలేదు.

"ఇన్నేళ్ళూ వద్దన్నదానివి, ఇప్పుడెందుకు పెద్దమ్మా?"

"వెనిగర్ అయిపోతుంటే ఏం చెయ్యమంటావే? పుల్లగా ఉందని నువ్వేగా చెప్పావు."

"నా సంగతి వదిలెయ్. నీకేం వాసనొచ్చింది?"

ఆవిడ పొట్లం అంచు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. "నువ్వు చెప్పినదే."

"అంటే?"

"నువ్వు చెప్పినదేనే."

"నేను నీ మొహం చూసి చెప్పా పెద్దమ్మా."

"నా మొహమా?"

"నువ్వు నుదురు ముడేశావని పుల్లగా ఉందన్నా."

"నువ్వేమంటావోనన్న భయానికి ముడేశానే నేను."

ఇద్దరం కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇంతకాలం చేస్తున్నది అదే కాబట్టి అలవాటు ఇంకా పోలేదు.

అప్పుడు చెప్పింది. కోతకి ముందు వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ వాసనని తీసుకుపోయింది. అన్నం కాగితం నమిలినట్టుంటుంది. నాలుక పులుపు, తీపి చెబుతుంది, కానీ కొత్త వైన్ ఎలాగూ పుల్లగానే ఉంటుంది, దానివల్ల తెలిసేదేమీ లేదు. రేపు తిరిగొస్తుంది, ఎల్లుండి తిరిగొస్తుంది అని చూసింది. ఈలోగా నేను వచ్చాను. గ్లాసు ఇవ్వగానే తడుముకోకుండా చెప్పేస్తుంటే, పిల్ల ముక్కు తన ముక్కు కంటే పదును అనుకుందట. నాలో ఎవరైనా ఒక గొప్పతనం చూడటం, అది అబద్ధమని ఆ నిమిషంలోనే తేలిపోవడం రెండూ ఒకేసారి జరిగాయి.

నవ్వు రావాల్సిన చోటే గానీ రాలేదు, ఎందుకంటే ఆవిడ ఆ తర్వాత అసలు చిక్కు విప్పి చెప్పింది. పీపా ఇలా ఆగిపోయిందంటే రెండు జబ్బుల్లో ఒకటి. ఒకటి, వెనిగర్‌గా మారడం. అప్పుడు గాలి తగలనివ్వకూడదు, గంధకం వేయాలి. రెండోది, లోపల ఈస్ట్‌కి ఊపిరాడకపోవడం. అప్పుడు గాలి తగిలేలా ఎత్తి పోస్తూ వైన్‌ని ఇంకో పీపాలోకి మార్చాలి. మొదటిదానికి గాలి తగిలిస్తే పీపా మొత్తం వెనిగర్ అవుతుంది. రెండోదానికి గంధకం వేస్తే మిగిలిన ఈస్ట్ కూడా చచ్చి, అటు రసమూ కాక ఇటు వైన్ కాక మిగులుతుంది. ఏ జబ్బో చెప్పేది వాసన. ల్యాబ్‌కి పంపిస్తే జవాబు వచ్చేసరికి వారం, అన్నాళ్ళు పీపా ఆగదు. పెదనాన్నని పిలుద్దామా అన్నాను. ఆయన ముక్కు ఏనాడో పేడకి రాసిచ్చేశాడంది.

అంటే పంటలో సగానికి ఇప్పుడు దిక్కు, పనిచేయని ముక్కు ఒకటీ, పనిచేసినా మాట రాని ముక్కు ఒకటీ.

పెద్దమ్మ లేచి గ్లాసులో పోసి నా చేతిలో పెట్టింది. తర్వాత నాకు వీపు చూపించి, గోడ వైపు తిరిగి నిలబడింది.

"ఇప్పుడు చెప్పు. వైన్ అన్న మాట మర్చిపో. ఇంట్లో, బజార్లో, ఆఫీసులో ఎక్కడ తగిలిన వాసనో చెప్పు చాలు."

నిజంగా కళ్ళు మూసుకున్నాను. మొదట ఏమీ తెలియలేదు. ఆవిడ వీపు చూసి ఏదైనా అర్థమవుతుందేమోనని ఒక కన్ను తెరిచాను కూడా. వీపు ఏమీ చెప్పలేదు. మళ్ళీ మూసుకున్నాను.

"మా ఆఫీసులో ఒకతను రోజూ ఉడికించిన గుడ్లు డబ్బాలో తెచ్చేవాడు. మధ్యాహ్నం మూత తీస్తే పక్కవాళ్ళందరూ లేచిపోయేవాళ్ళు. అదీ."

"ఇంకా?"

"అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల."

"గోళ్ళ రంగు తుడుచుకునే మందు వాసన ఉందా? వెనిగర్‌కి తిరిగితే అదే వస్తుంది."

"లేదు."

"సరిగ్గా చూడు."

మళ్ళీ చూశాను. ఆ ప్రశ్న వినగానే ఉన్నట్టే అనిపించింది. ఇంకోసారి చూస్తే లేదనిపించింది. నాలుగోసారికి గుడ్డు కూడా ఉందో లేదో తెలియలేదు. ముక్కుకి రీస్టార్ట్ బటన్ ఉండదు. బయటికి వెళ్ళి గాలి పీల్చుకుని వచ్చి మొదటిసారి చూసినట్టు చూశాను. గుడ్డే.

"గుడ్డే పెద్దమ్మా."

"అయితే దీనికి ఊపిరాడట్లేదు" అంది గోడతోనే. "గాలి పెట్టమంటావా?"

నన్ను అడుగుతోంది. నేను రెండుసార్లు పుల్లగా ఉందని చెప్పి ఇంతదాకా తెచ్చిన మనిషిని. నా మాట తప్పయితే ముసలి తీగల రసమంతా మా చేతులతో మేమే వెనిగర్ చేసినవాళ్ళమవుతాం. నాకు ధైర్యం వచ్చిందని చెప్పలేను. ఆవిడ అలా గోడకి మొహం పెట్టి నిలబడటం మాత్రం చూడలేకపోయాను.

"పెట్టేద్దాం."

ఖాళీ పీపా దొర్లించుకొచ్చిన శబ్దానికి పెదనాన్న దిగివచ్చాడు. ఆకు రోజున వైన్ మారుస్తున్నారా అని అడుగుతాడనుకున్నాను. పెద్దమ్మ ఆయన నోరు తెరిచేలోపే తన ముక్కు సంగతి చెప్పేసింది.

"తెలుసులే" అన్నాడాయన. "పాలు అడుగంటి ఇల్లంతా కంపు కొడుతుంటే పక్కనే నిలబడి పాటలు పాడుకున్నావు."

"మరి అడగలేదేం?"

"నువ్వు చెప్తావని చూస్తున్నా."

మొత్తానికి ఈ ఇంట్లో అందరం ఎవరో ఒకరి కోసం చూస్తూనే ఉన్నాం. ఆయన చొక్కా చేతులు మడిచి బకెట్ అందుకున్నాడు. సెల్లార్ నేలంతా ఎర్రగా అయ్యేదాకా ముగ్గురం ఎత్తి పోశాం. మధ్యలో ఒకసారి గోడ మీది క్యాలెండర్ గుర్తొచ్చి నాకే భయం వేసింది. ఆయనకి వేసినట్టు లేదు.

పీపా మళ్ళీ పులిసింది. రెండు పొద్దులు ఏమీ లేదు, మూడో పొద్దున చెవి పెడితే లోపల సన్నగా చిటపటలు. గుడ్డు వాసన పోయింది, వెనిగర్ రాలేదు. పొట్లం వాడకుండానే తిరిగిచ్చేశాం. గెలిచామనే అనాలి. కానీ ఇప్పుడు దాంట్లోంచి కొత్త వాసన ఒకటి వస్తోంది, అదేమిటో నాకు పేరు దొరకడం లేదు. ఆ ముసలి తీగల వైన్‌కి ప్రతి ఏడాదీ వచ్చే వాసన అదేనా అని పెద్దమ్మ అడుగుతుంది. నేను కిందటేడు లేను. ఉన్న ఆవిడకి ఇప్పుడు తెలియదు. తన వైన్ తన వైన్‌లాగే ఉందో లేదో ఆవిడకి చెప్పగలిగినవాళ్ళు ఈ ఇంట్లో లేరు. డాక్టరేమో వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు, అది నేను కూడా చెప్పగలను.

అందుకని ఇప్పుడు ఆవిడకి వాసనలు మాటల్లో చెబుతున్నాను. వాన పడ్డ సిమెంటు మెట్లు, కొత్త చెప్పుల పెట్టె, పొద్దున్నే తీసిన సెలూన్. ఆవిడ కళ్ళు మూసుకుని వింటుంది, కొన్నిటికి "ఆఁ, గుర్తొచ్చింది" అంటుంది. గుర్తు చేసుకుంటూ ఉంటే మేలని డాక్టరే అన్నాడు. నా దగ్గరున్నవి అయిపోతున్నాయి. మీ ఇంట్లోనో, మీరు పనిచేసే చోటనో, పేరు లేకపోయినా ఫలానాలా ఉంటుందని చెప్పగలిగిన వాసన ఏదైనా ఉంటే, అది మొదట ఎక్కడ తగిలిందో, పక్కన ఎవరున్నారో కూడా కలిపి రాసి పంపండి. సెల్లార్‌లో పెద్దమ్మకి చదివి వినిపిస్తాను.