పొట్టి కూత

ఆ గురువారం మధ్యాహ్నం నా రైలు కూత విని బోహుమీర్ వ్రానా, "ఆగుతాం, నింపాదిగా రా" అని అర్థం చేసుకున్నాడు. నేను ఆగలేదు.

చెక్ దేశంలో, మొరావియా కొండల్లో హొర్నీ లొమెట్స్ అనే చిన్న స్టేషను మీదుగా ఇరవై రెండేళ్లుగా బండి నడుపుతున్నాను. పేరు వెండెలీన్. బండి కూతల కన్నా నా కోతలే ఎక్కువని మావాళ్లంటారు. ఆ స్టేషను మాస్టరుగా ఎర్రటోపీ పెట్టుకుని ల్యుబా హనాకోవా ఉండేది. ఆవిడ బయటికొచ్చి పచ్చబిళ్ల ఎత్తితేనే బండి కదలాలి. ఊళ్లోంచి స్టేషనుకి ఎక్కుడు దారి. దారిలో ఎవరైనా కనబడితే ఆవిడ బిళ్ల ఎత్తేది కాదు, నేను ఒక పొట్టి కూత వేసేవాణ్ణి. చూశాం, బండి ఆపడం మా పని, గుండె ఆగేలా పరిగెత్తడం నీ పని కాదు అని దానర్థం. ఏ రూలు పుస్తకంలోనూ లేదు. ఊళ్లో చంటిపిల్లకి కూడా తెలుసు.

డెబ్భై ఎనిమిదేళ్ల వ్రానాకి ప్రతి బుధవారం ఆ కూత కావలసి వచ్చేది. భార్య ద్రహోమీరా మార్చి నుంచి జిల్లా ఆసుపత్రిలో ఉంది. సూపు ఫ్లాస్కు చంకన పెట్టుకుని, కర్ర పొడుచుకుంటూ వచ్చేవాడు.

"ఏం వ్రానా గారూ, పెళ్లికొడుకులా తయారయ్యారు?" అనేవాణ్ణి.

"నీలా తయారైతే అది గదిలోకి రానివ్వదోయ్."

"వాగుడు ఆపి బండి తియ్యవయ్యా," అనేది ల్యుబా. "అక్కడ ఆవిడ గుమ్మంకేసే చూస్తూ ఉంటుంది."

అక్టోబరులో మా లైనుని కొత్తగా మార్చారు. కొత్త ప్లాట్‌ఫారం, కొత్త సిగ్నళ్లు. ఇక బండ్లన్నిటినీ తొంభై కిలోమీటర్ల అవతల ఒక గదిలో కూర్చుని తెర మీద చూసి నడిపిస్తారట. ల్యుబాకి పూలగుత్తి ఇచ్చి ఇంటికి పంపేశారు. "ఎర్రటోపీ తీసేసి మనకి టోపీ పెట్టారు" అన్నాను. ఊరంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను.

ఇది జరిగిన పదకొండో రోజు గురువారం. ఒంటిగంటా పద్నాలుగు నిమిషాలు. ఎక్కుడు దారిలో వ్రానా కనబడ్డాడు. బుధవారం కాని రోజున ఈయనెందుకు వస్తున్నాడని నాకు తట్టాలి. తట్టలేదు. సాయంత్రం దాకా ద్రహోమీరా ఉండదు, వెంటనే రమ్మని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందని తర్వాత తెలిసింది.

నా చెయ్యి దానంతట అదే లేచింది. పొట్టి కూత వేశాను.

ఆయన కర్ర ఎత్తి జవాబు చెప్పాడు. కంచె పట్టుకుని నిలబడి, ఊపిరి తీసుకుంటున్నాడు. సిగ్నలు పచ్చగా వెలిగింది. రేడియోలో ఆ తెర గది నుంచి ఎవరో కుర్ర గొంతు, నా బండి నంబరుతో పిలిచింది.

"నలభై నాలుగు పదిహేడు, ఎందుకు నిలబడ్డారు?"

"ఒక పెద్దాయన వస్తున్నాడు."

"నా తెర మీద ప్లాట్‌ఫారం ఖాళీగా ఉందండీ."

"దారిలో ఉన్నాడు బాబూ. నాలుగు నిమిషాలు."

"ఎదురు బండి మీ కోసమే ఆగి ఉంది. రెండు గంటల్లో ఇంకోటి ఉందిగా. తీసెయ్యండి."

తీశాను. అద్దంలో చూస్తే ఇంకా కంచె దగ్గరే ఉన్నాడు. ఒక్క క్షణం అర్థం కానట్టు నిలబడి, కంచె వదిలేసి నాలుగడుగులు గబగబా వేశాడు. అంతలో మలుపొచ్చింది.

తర్వాతి బండిలో ఆయన వెళ్లేసరికి ఆవిడ పోయి నలభై నిమిషాలైంది. "ఆయన ఎక్కారా?" అని నర్సుని అడుగుతూనే ఉందట.

అంత్యక్రియలయ్యాక అందరం ఊరి బీరుకొట్టులో కూర్చున్నాం. బంగాళదుంప సలాడ్ పూసిన రొట్టెముక్కలు ఎవరూ ముట్టుకోవడం లేదు. వ్రానా కూతురు ఇలోనా కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"పది నిమిషాలు ముందు బయల్దేరలేకపోయావా నాన్నా? నీ నత్తనడకతో జీవితమంతా వేగింది అమ్మ. ఆ ఒక్కరోజైనా..."

వ్రానా ఒక్కసారి నావైపు చూసి, కళ్లు దించుకున్నాడు. నా పేరు చెప్పలేదు.

నేను లేచాను. మా బల్ల దగ్గర ఇద్దరు అప్పుడే నవ్వడానికి సిద్ధపడ్డారు. నేను లేస్తే జోకే వస్తుందని వాళ్లకి అలవాటు.

"మీ నాన్న ఆలస్యంగా రాలేదమ్మా," అన్నాను. "నేను పొట్టి కూత వేశాను. ఆగుతానని చెప్పినట్టే. ఆయన నా మాట నమ్మి నిలబడ్డాడు. తర్వాత నేనే బండి తీసుకెళ్లిపోయాను."

ల్యుబా మొహం చేతుల్లో దాచుకుంది.

"ఆగలేనివాడివి ఎందుకు వేశావు?" అంది ఇలోనా.

"అలవాటమ్మా. ల్యుబా లేదన్న సంగతి చేతికి తెలీలేదు."

అప్పుడు వ్రానా నోరు తెరిచాడు. కోపం లేదు. అందుకే వినలేకపోయాను.

"కూత వినబడగానే, ఆ కంచె దగ్గర నిలబడి మనసులోనే మా ద్రహోమీరాతో చెప్పాను వెండా. బండి దొరికిందే, వచ్చేస్తున్నానే అని."