వెనక సీటు

కొత్త బండి వచ్చిన ఇంట్లో ఆ రోజు పెళ్ళికళ ఉంటుంది. కూర్మన్నపాలెంలో సింహాద్రి ఇంటి ముందు ఆ ఆదివారం ఉదయం అదే కళ. ఆయన కొడుకు ఉదయ్‌కుమార్ పరవాడలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాడు. పెళ్ళికి ముందు నుంచీ ఫోనులో బొమ్మ చూసుకుంటూ మురిసిపోయిన స్పోర్ట్స్ బైకును ఎట్టకేలకు ఇంటికి తెచ్చుకున్నాడు. నల్లటి బండి, పక్కల ఎర్ర చారలు. వీధిలో పిల్లలందరూ దాని చుట్టూ మూగి, వద్దంటున్నా వినకుండా తడిమి చూస్తున్నారు. ఉదయ్ తల్లి దేముడమ్మ పసుపు కుంకుమలు పట్టుకుని బయటికి వచ్చి, బండిని చూడగానే మూతి ముడిచింది.

"నల్లదే దొరికిందేట్రా నీకు?"

"ఈ రంగు కోసం నెల్లాళ్ళు ఆగినానమ్మా."

"ఆగినోడివి ఇంకొన్నాళ్ళు ఆగితే ఎర్రది ఒచ్చును కదా!"

మాట అలా విసిరినా ఆమె కళ్ళు మెరుస్తూనే ఉన్నాయి. హెడ్‌లైటుకి బొట్టు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి, వీధి దిష్టంతా పోయేలా ఉప్పు దిగదుడిచింది. కోడలు హిమబిందు పక్కనే నిలబడి నవ్వుతూ అదంతా ఫోనులో వీడియో తీస్తోంది. ఆ అమ్మాయి గాజువాకలో రక్తపరీక్షలు చేసేచోట టెక్నీషియను. అత్తాకోడళ్ళిద్దరికీ మొదటినుంచీ బాగా కుదిరింది. చేపల పులుసులో చింతపండు ఎంత వేయాలన్న దానిమీద తప్ప వాళ్ళకి పెద్ద తగువు ఎప్పుడూ రాలేదు.

మొదటి సవారీ తల్లికే అన్నాడు ఉదయ్. వెనక సీటు ఆమె నడుము కంటే ఎత్తున ఉంది. ప్లాస్టిక్ స్టూలు వేసి ఎక్కించారు. చీర కట్టుకున్న మనిషి కాబట్టి రెండు కాళ్ళూ ఒకే వైపుకి వేసి కూర్చుంది. పట్టుకోవడానికి వెనక కడ్డీ లేదు, కాలు ఆన్చుకోవడానికి సరైన పలక లేదు. సీటేమో ముందుకు వాలుగా ఉంది. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేసరికి ఆమె కొడుకు చొక్కా రెండు చేతులా పిడికిళ్ళతో పట్టుకుని ఉంది.

"ఇది కూకోడానికి సేసినారా, జారిపోడానికి సేసినారా? నీ బండికో దణ్ణం! నాకు బస్సే సుకం."

అందరూ పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

మధ్యాహ్నం షోరూమువాళ్ళిచ్చిన సంచి సర్దుతుంటే అందులో ఇనప చువ్వల చట్రం ఒకటి కనబడింది.

"ఇదేట్రా? బండి సామాను అప్పుడే ఊడిపోయిందేటి?"

"ఊడిపోలేదమ్మా. శారీ గార్డ్ అది. సీర సెక్రంలో పడకుండా పెడతారు. నానే తీయించీసినాను. అదుంటే స్పోర్ట్స్ బండి నాటుబండిలాగుంటాది. ఎవులూ ఉంచుకోరు."

దేముడమ్మ దాన్ని పాతగుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, మరి దాని సంగతి మరిచిపోయింది.

ఇది ఏ షోరూములోనైనా రోజూ జరిగేదే. గార్డు ఉంచమంటారా తీసెయ్యమంటారా అని అక్కడి కుర్రాడు అడుగుతాడు. తీసెయ్యమంటాం. ఆ మాట అనేటప్పుడు, రేపు ఆ సీటు మీద కూర్చోబోయే మనిషి మన పక్కనే నిలబడి ఉంటుంది. ఆమెను అడగాలని మాత్రం మనలో ఎవరికీ తోచదు.

ఆ తరువాత బండికి సింగారం మొదలైంది. ట్యాంకు మీద గీతలు పడకుండా రబ్బరు తొడుగు వచ్చింది. ఇంజను దెబ్బ తినకుండా రెండు పక్కలా ఇనప గుబ్బలు వచ్చాయి. ఫోను పెట్టుకునే స్టాండు, నీలం లైట్లు, పొగరంగు అద్దం. వెనక మడ్‌గార్డు పొడుగ్గా వేలాడుతోందని దాన్ని తీయించి, అరచేతి పాటి ముక్క పెట్టించాడు. తనకోసం మంచి హెల్మెట్టు, భుజాల దగ్గర మెత్తలున్న జాకెట్టు, చేతి తొడుగులు కొనుక్కున్నాడు. ఏది ఏ రంగులో ఉండాలో మొగుడూ పెళ్ళాలు రాత్రి అన్నాలు తింటూ తేల్చుకునేవారు. హిమబిందుకి కూడా ఆ బండంటే అంత ఇష్టం.

చెప్పొద్దూ, ఆ పిల్ల ఆనందం చూసి తీరాలి. సెలవు రోజు చీకటితోనే లేచి, చుడీదార్ వేసుకుని, కాళ్ళు చెరోవైపు వేసి, మొగుడి నడుం చుట్టూ చేతులు వేసి కూర్చునేది. ఇద్దరూ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, బోట్లు దిగుతుండగానే వంజరం చేప బేరమాడి తెచ్చేవారు. ఒకసారి స్టీల్‌ప్లాంటు టౌన్‌షిప్పులో ఖాళీ రోడ్డు చూసి, ఉదయ్ వెనక కూర్చుని ఆమె చేత బండి తోలించాడు. ఆ వీడియో చూసి దేముడమ్మ "ఓలమ్మో, ఓలమ్మో" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. తరువాత పక్కింటావిడకి ఆమే పిలిచి చూపించింది.

"ఏమండీ, నాక్కూడా హెల్మెట్ ఒకటి తీసుకోండి," అని హిమబిందు ఒకరోజు అడిగింది. "ఆ గార్డు కూడా మళ్ళీ పెట్టించీండి. చీరలో ఉన్నప్పుడు భయమేస్తంది."

"నువ్వు సీర ఎన్నిసార్లు కడతావేటి? హెల్మెట్ ఈ సైలెన్సర్ పనైపోనాక కొందాం," అన్నాడు ఉదయ్. కాదనలేదు, మరిచిపోయాడంతే. దేముడమ్మ అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆమె కూడా ఏమీ అనలేదు.

ఇలా ఉండగా వీధి కుళాయి దగ్గర ఒక మాట పుట్టింది. "మీ కోడలు మొగోడిలాగ కాళ్ళేసుకుని కూకుంటాది, ఏటనవేటి?" అని ఎవరో అన్నారు. దేముడమ్మ అక్కడ నవ్వేసి ఊరుకుంది గాని, ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది. అప్పటినుంచి కోడలు బండెక్కుతుంటే ఆమె చూపు మొదట వీధి వైపు వెళ్ళేది. ఎవరైనా చూస్తున్నారా అని.

వైశాఖంలో ఎలమంచిలి దగ్గర ఊళ్ళో సింహాద్రి అన్నగారు చలమయ్య ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నాడు. చుట్టాలందరూ గౌరవించే పెద్దమనిషి. సింహాద్రీ దేముడమ్మా ముందురోజే వెళ్ళిపోయారు. ముహూర్తం రోజు పొద్దున్న, కొత్త ఇంటి గుమ్మానికి మామిడాకులు కడుతుండగా దేముడమ్మకి కోడలి దగ్గర నుంచి ఫోను వచ్చింది.

"అత్తా, నాను చుడీదార్‌లో ఒచ్చీసి అక్కడ చీర మార్చుకుంటాను. పెద్ద రోడ్డు కదా."

దేముడమ్మ పందిట్లోంచి పక్కకి వచ్చి గొంతు తగ్గించింది. "ఊరి మొదట్లోనే అందరూ నించుంటారమ్మా. అలగ దిగితే మీ పెదమావ ఏటంటాడు? పట్టుసీర కట్టుకుని లచ్చనంగా రా."

"పోనీ బస్సులో ఒచ్చీమంటావా?"

"బండి సూపిత్తానని వోడు అందరికీ సెప్పుకున్నాడు. బండిమీదే రండి."

"ఒకపక్కకి కూకుంటే సీటు జారిపోతంది అత్తా."

"నెమ్మదిగా తోల్మను. వోడి నడుం గట్టిగా పట్టుకో. నలుగురిలోకీ ఒచ్చినప్పుడు కొంచెం సూసుకోవాలి కదమ్మా!"

"సరే అత్తా," అంది హిమబిందు.

దేముడమ్మ తృప్తిగా ఫోను కొంగున దోపుకుని మామిడాకుల దగ్గరికి వెళ్ళింది. మాట వినే కోడలు దొరికిందని తోటికోడలితో గొప్పగా చెప్పింది కూడా.

సత్యనారాయణ వ్రతం సగంలో ఉండగా మళ్ళీ ఫోను మోగింది. ఈసారి కొడుకు.

"అమ్మా, బిందు పడిపోనాది."

"ఎక్కడ్రా? మోకాలు దోక్కుపోయిందేటి?"

ఎవరో అతని చేతిలోంచి ఫోను తీసుకుని ఆసుపత్రి పేరు చెప్పారు.

ఆటోలో వెళుతున్నంతసేపూ ఆమె మోకాలి గురించే ఆలోచించింది. పసుపు అద్ది కట్టు కడితే తగ్గిపోతుంది, పనిలోకి కొన్నాళ్ళు వద్దంటే సరి అనుకుంది. ఆసుపత్రి వరండాలో ఉదయ్ గోడకి చేరగిలబడి ఉన్నాడు. జాకెట్టు మీద కాస్త దుమ్ము తప్ప ఒంటి మీద గీత కూడా లేదు. తల్లిని చూడగానే చిన్నపిల్లాడిలా ఆమె కాళ్ళ దగ్గర కూలబడిపోయాడు.

"స్పీడు కూడా లేదమ్మా. నెమ్మదిగానే తోల్తన్నాను. పైట గాలికి ఎగిరి సెక్రంలో పడిపోనాది. ఒక్క లాగుడు. నాను తిరిగి సూసీసరికి ఎనకాల సీటు ఖాళీ. తల రోడ్డుకి కొట్టీసుకున్నాదమ్మా. గార్డు తీసీసినాను. హెల్మెట్ కొనలేదు. అడిగిందమ్మా, నన్ను అడిగింది."

హిమబిందు ఆసుపత్రికి చేరకముందే పోయింది. దేముడమ్మ లోపలికి వెళ్ళి చూసింది. ముఖం నిద్రపోతున్నట్టే ఉంది. జడలో మల్లెలు ఇంకా వాడలేదు. పట్టుచీర పైట సగం లేదు. ఆ సగం ఎక్కడుందో ఆమెకు అర్థమైంది. మొదటిరోజు ఆ సీటు మీద కూర్చుని తాను కొడుకు చొక్కా ఎలా పట్టుకుందో గుర్తొచ్చి, అక్కడే నోట్లో కొంగు కుక్కుకుంది. జారిపోతుందని ఆమెకు తెలుసు. తెలిసి కూడా పంపించింది.

ఆ తరువాతి రోజులు ఎలా గడిచాయో రాయడానికి చెయ్యి రాదు. దేముడమ్మ వంటింట్లోకి వెళ్ళి కొడుక్కీ కోడలికీ అని రెండు కంచాలు తీసేది, మళ్ళీ ఒకటి లోపల పెట్టేసేది.

పెద్దకర్మ రోజు ఇంటి ముందు షామియానా వేశారు. హిమబిందు తల్లి కుసుమకుమారి ఒక మూల గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. భోజనాలయ్యాక మగవాళ్ళు చుట్టూ చేరి, ఇలాంటి చోట అందరూ చెప్పుకునే మాటలే చెప్పుకున్నారు. నల్లబండి అచ్చిరాలేదన్నారొకరు. బయల్దేరిన వేళ మంచిది కాదన్నారింకొకరు. తలరాత అన్నారు. అప్పుడు చలమయ్య గట్టిగా నిట్టూర్చాడు.

"బండిననీసి ఏటి లాభం? ఇప్పటి పిల్లలకి సీర కట్టడం రాదు. పైట నడుములో దోపుకుని కూకుంటే ఇంత జరిగీది కాదు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ పిల్ల పోయినందుకు ఆయనా కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కానీ ఆ మాటకి చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. కుసుమకుమారి తలెత్తి చూసింది. తప్పంతా చచ్చిపోయిన పిల్ల పైటకి చుట్టేసి, అందరూ చేతులు కడుక్కుని లేవబోతున్నారు. ఆ ఫోను మాటలు విన్నవాళ్ళిద్దరే. అందులో ఒకరు ఇక లేరు. దేముడమ్మ నోరు మూసుకుని ఉంటే, ఆ సంగతి ఎప్పటికీ ఎవరికీ తెలియదు.

ఆమె లేచి నిలబడింది. పెద్దబావ ఎదుట గొంతెత్తి ఎరగని మనిషి.

"ఆ పిల్లననకు బావా. ఆ పొద్దున్న ఫోను సేసి సుడీదారేసుకుంటానన్నాది. బస్సులో ఒత్తానన్నాది. సీటు జారిపోతందని కూడా సెప్పినాది. నానే ఒద్దన్నాను. సీర కట్టుకోమన్నాను, ఒకపక్కకి కూకోమన్నాను. నువ్వేటంటావో, ఊరోళ్ళేటంటారో అని."

ఉదయ్ తల దించుకునే అన్నాడు, "నాను గార్డు తీసీసినాను పెదనాన్నా. బండికి అన్నీ కొన్నాను, నాకు అన్నీ కొనుక్కున్నాను. ఎనకాల కూకున్న మనిషికి ఏటీ కొనలేదు."

చలమయ్య తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

కుసుమకుమారి మెల్లగా లేచి వియ్యపురాలి ఎదుటికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నారు. కొట్టినా బాగుండునని దేముడమ్మ అనుకుంది. ఆమె ఆ పోయిన గొంతుతోనే ఒక్క మాట అడిగింది.

"పోనీలేమ్మా, సుడీదార్‌లోనే రా అని ఆ ఫోనులో అనుంటే, నా పిల్ల ఉండేది కదా వదినా?"

"ఉండేది వదినా," అంది దేముడమ్మ. ఆమె అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. కుసుమకుమారి ఆమెను పట్టుకోలేదు, తిట్టలేదు. తిరిగి వెళ్ళి తన మూలలో కూర్చుంది. ఆ రెండు కుటుంబాల మధ్య ఇక మాటలు ఉంటాయో ఉండవో ఎవరూ చెప్పలేరు.

అయ్యా, అమ్మా! బండికి గీత పడకూడదని తొడుగులు కొంటాం. మన తలకి దెబ్బ తగలకూడదని హెల్మెట్టు కొంటాం. వెనక కూర్చున్న తల్లికో, భార్యకో, కూతురికో మాత్రం పద్ధతిగా కూర్చోమని నీతులు చెబుతాం. రోడ్డుకి మన పద్ధతులు తెలియవు.

ఆ సాయంత్రం వెళ్ళిపోవడానికి లేచిన ఆడవాళ్ళు దేముడమ్మని ఓదార్చబోయారు. అందరి ఇళ్ళల్లోనూ బళ్ళున్నాయి, కోడళ్ళున్నారు, కూతుళ్ళున్నారు. ఆమె వాళ్ళ చేతులు పట్టుకుని, ఒక్కొక్కరికీ అదే మాట చెప్పింది.

"నాకోసం ఏడవకండమ్మా, నానింక సేసీదేటీ లేదు. మీ పిల్లలు ఎలగ కూకుంటే పడిపోకుండా ఇంటికొత్తారో, అలగే కూకోనియ్యండి. ఊరు ఏటన్నా అననీ."