బైండింగ్ అక్క రాసిన పది పేజీలు

బుధవారం మధ్యాహ్నం మూడయ్యేసరికి బైండింగ్ గది తలుపు మూసుకుంటుందని యూనివర్సిటీ మొత్తానికి తెలుసు. థీసిస్ రేపే ఇవ్వాలంటూ వచ్చి కాళ్ళావేళ్ళా పడ్డా సరే, ఆ గంటంపావు మాత్రం బైండింగ్ అక్క ఎవరికీ దొరకదు. చేతులకంటిన జిగురు కడుక్కుని, ఏప్రన్ మేకుకి తగిలించి, రెండో అంతస్తులో సెమినార్ హాలుకి వెళ్ళి వెనక నుంచి మూడో వరసలో కూర్చుంటుంది.

అక్కడ ‘ప్రపంచం ఈ వారం’ అని సభ జరుగుతుంది. ఆ వారం లోకంలో ఏ మూల ఏం జరిగిందో చరిత్ర మాస్టారు గంటసేపు చెబుతారు. చివరి పావుగంట ఎక్కడెక్కడ ఏ స్కాలర్‌షిప్పులున్నాయో, ఏ సీట్లు ఖాళీగా ఉన్నాయో చదువుతారు. పిల్లల్లో చాలామంది ఆ పావుగంట కోసమే వస్తారు. మిగతా గంటా ఫోన్లలో తల దూర్చి కూర్చుంటారు. అక్కకి ఆ గంటే కావాలి. ఎక్కడో సముద్రంలో ఓడ ఆగిపోతే ఇక్కడ కాగితం ధర ఎందుకు పెరిగిందో ఆ గంటలోనే తెలిసింది ఆవిడకి. కాగితంతో ఇరవై ఏడేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషికి అంతకాలం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

అయితే ఒక బుధవారం ఆ చివరి పావుగంటలోనే మాస్టారు ఒక కాగితం చదివారు. ఉద్యోగులకి సాయంత్రం డిగ్రీలో ఒక్క సీటు. పది సభలకి హాజరు కావాలి, ఒక్కో సభ మీదా సొంతంగా ఒక పేజీ రాసి పంపాలి, వయసు నలభై అయిదు దాటకూడదు. అక్కకి అప్పటికి నలభై నాలుగున్నర. అంటే ఈ ఏడాది కాకపోతే మరి లేదు.

ఆవిడ ఇంటర్ పాసైన ఏడాదే వాళ్ళ నాన్న చెయ్యి కటింగ్ మిషన్ కింద పడింది. “ఒక్క ఏడాది నా బల్ల చూసుకో తల్లీ” అన్నాడాయన. ఆ ఏడాది ఇప్పటిదాకా పూర్తి కాలేదు. ఎన్ని వందలమంది డాక్టరేట్లకి అట్టలు కట్టిందో, ఎంతమంది పేర్లు బంగారు అక్షరాల్లో అచ్చేసిందో ఆవిడకే లెక్క లేదు. వాళ్ళలో సగంమంది ఆ లోపలున్నది మళ్ళీ తెరిచి చూసి ఉండరని ఆవిడ గట్టి నమ్మకం.

పేజీలు టైపు చేసి కంప్యూటర్లో పంపాలన్నారు. అక్కకి చేత్తో రాయడమే వచ్చు. “నువ్వు రాసి ఇవ్వమ్మా, నేను టైపు చేసి పంపేస్తా” అంది కూతురు. ఆ పిల్లని ఇంట్లో పండు అంటారు. అదే యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం రెండో ఏడాది. తండ్రి లిఫ్టులు బాగుచేసే పనిలో నెలకి ఇరవై రోజులు ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి ఇంట్లో తల్లీకూతుళ్ళిద్దరే. పండుని ఏనాడూ బైండింగ్ బల్ల దగ్గరికి రానివ్వలేదు అక్క. చదువుకునే పిల్ల చేతికి జిగురు అంటడం ఆవిడకి ఇష్టం లేదు.

అలా పది బుధవారాలు. ఇంటికెళ్ళి వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకుని నిలబడే రాసేది. ఏడో వారం మాస్టారు ఒకే నది నీళ్ళు పంచుకునే రెండు దేశాల గురించి చెప్పారు. ఉన్న ఒప్పందం చెడితే దాన్ని అలాగే ఉంచి దాని మీద ఇంకోటి రాసుకున్నాయట. అక్క ఇలా రాసింది: ‘పాత కుట్టు విప్పకుండా దాని మీదే కొత్త కుట్టు వేస్తే పుస్తకం చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. తెరిచిన రోజున పేజీలు చేతిలోకి వస్తాయి. ఈ ఒప్పందం అలాంటిది.’

పండు అది రెండుసార్లు చదివింది. “భలే రాశావమ్మా” అంది. ఆ ఒక్క మాటకి అక్క రెండు రోజులు నేల మీద నడవలేదు.

పదో పేజీ రాసి ఇచ్చిన రెండు వారాలకి, ఒక గురువారం, ఉద్యోగుల సీటు ఫలితం నోటీసు బోర్డులో పెట్టారు. లైబ్రరీలో పనిచేసే కుర్ర అసిస్టెంటు పేరుంది. అక్క ఆ కాగితాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది. ఉన్నది ఒక్క పేరే, ఎటునుంచి చదివినా అదే. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడితే పండు వెనక నిలబడి వీపు నిమిరింది.

“వాళ్ళకి ఎవరికివ్వాలో ముందే అనుకునుంటారమ్మా. నువ్వు రాసింది వాళ్ళ బుర్రలకి ఎక్కలేదు. వదిలెయ్.”

కూతురు తన తరఫున అంత కోపం తెచ్చుకున్నందుకు ఏడుపులోనూ అక్కకి కాస్త హాయిగా అనిపించింది.

మర్నాడు శుక్రవారం ఉదయం ఆఫీసునుంచి ఐదు సెట్ల కాగితాలు వచ్చాయి. ఒక ఏడాది వేరే యూనివర్సిటీలో చదివొచ్చే అవకాశానికి పన్నెండుమంది విద్యార్థులు మిగిలారట. వాళ్ళ వ్యాసాలు పుస్తకంగా కట్టి సాయంత్రానికల్లా ఇవ్వాలి. సోమవారం కమిటీ వాళ్ళు అది ముందు పెట్టుకుని ఇంటర్వ్యూ చేస్తారు. కుట్టబోయే కాగితాల్ని అక్క చదవదు. పేజీ నంబర్లు వరసలో ఉన్నాయో లేదో చూసుకుంటుంది, అంతే. అలా చూస్తుంటే ఏడో వ్యాసం మీద కూతురి పేరు కనబడింది.

ముందు సంతోషమే వేసింది. దొంగపిల్ల, ఇంతవరకూ వచ్చి ఒక్క ముక్క చెప్పలేదు చూడు అని మురిసిపోయింది. సూది పక్కన పెట్టి, స్టూలు లాక్కుని, కూతురు ఏం రాసిందో చదవడం మొదలుపెట్టింది.

రెండో పేరాలో ఓడ ఆగింది, కాగితం ధర పెరిగింది. మూడో పేజీలో పాత కుట్టు, కొత్త కుట్టు. అక్క వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివింది. ఏడు వారాల రాత మొత్తం అక్కడుంది, ముక్క పోకుండా. పండు సొంతంగా చేర్చింది ‘అయితే’, ‘అందువల్ల’, ‘ఈ నేపథ్యంలో’. అవి కూడా ఉండాల్సినచోట లేవు.

నమ్మించి గొంతు కోయడం అన్న మాట అక్క చాలాసార్లు విన్నది, చాలామంది గురించి తనే అన్నది. కన్నబిడ్డ గురించి అనుకోవాల్సి వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

లేచి ఆఫీసుకి వెళ్ళింది. ఉద్యోగుల దరఖాస్తులు చూసే గుమాస్తా కంప్యూటర్లో వెతికి చెప్పాడు.

“మూడు పేజీలే వచ్చాయి అక్కా. నాలుగోదానినుంచి రాలేదు. నేను రెండుసార్లు మెయిల్ పెట్టాను కదా?”

ఆ మెయిల్ చూసేదీ పండే.

“బాగున్నాయక్కా ఆ మూడూ. మిగతావి ఏవీ అని మాస్టారు కూడా అడిగారు. ఎందుకు ఆపేశావు?”

జవాబు నోటిదాకా వచ్చింది. చెబితే కూతురి పని ఆ బల్ల దగ్గరే అయిపోతుంది.

“పని ఒత్తిడి బాబూ, కుదర్లేదు” అంది అక్క. పరువు తీసిన పిల్ల పరువు కాపాడాల్సి వచ్చినందుకు ఒళ్ళు మండిపోయింది. గదికొచ్చి ఐదు పుస్తకాలూ కుట్టింది. పని మీద కోపం చూపించడం ఆవిడకి చేతకాదు, అందుకే అవి ఎప్పటిలాగే బాగా వచ్చాయి.

ఆరున్నరకి ఇల్లు చేరేసరికి పండు బల్ల దగ్గర చదువుకుంటోంది. అక్క సంచీ కూడా దించలేదు.

“ఇవాళ మీ వ్యాసాల పుస్తకం నేనే కుట్టాను” అంది. “ఏడోది చదివాను.”

పండు తలెత్తకుండానే పుస్తకం మూసింది. “చెబుదామనే అనుకున్నానమ్మా” అంది.

“ఎప్పుడు?”

“సెలెక్టయ్యాక. అప్పుడైతే నువ్వూ సంతోషిస్తావని.”

“నాలుగోదానినుంచి నావి పంపనే లేదు కదే నువ్వు.”

“రెండిట్లో ఒకే మాటలుంటే పట్టుకుంటారమ్మా. నాలుగో వారం సభలో మాస్టారు ఈ వేరే యూనివర్సిటీ చదువు సంగతి చదివారు. నేనూ రాద్దామనే కూర్చున్నా. నీ పేజీ పక్కన పెట్టుకుంటే నాది చప్పగా కనబడింది.” పండు తలెత్తింది. “నీకు డిగ్రీ వస్తే మాత్రం ఏమవుతుందమ్మా? మళ్ళీ ఆ బల్ల దగ్గరే కదా కూర్చునేది. నాకైతే జీవితమే మారిపోతుంది. అయినా నీదీ నాదీ అని మనింట్లో ఎప్పుడైనా అనుకున్నామా?”

అనుకోలేదు. అది నిజమే కాబట్టి అక్కకి ఇంకా ఎక్కువ నొప్పిగా ఉంది.

“పేజీలు తీసుకున్నావు, సరే. ఆశపడ్డావు” అంది అక్క. “నిన్న నా వీపు నిమిరి వాళ్ళని తిట్టావు చూడు. అది ఎలా చేయగలిగావే?”

పండు ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చింది. అక్క చెయ్యి అలవాటు కొద్దీ ఆ పిల్ల తల మీదికి వెళ్ళింది కూడా. అప్పుడు పండు ముక్కు తుడుచుకుని, నోట్‌బుక్కు దగ్గరికి లాక్కుని, పెన్ను మూత తీసింది.

“అమ్మా, కోప్పడకు. సోమవారం వాళ్ళు తప్పకుండా అడుగుతారు. పాత కుట్టు మీద కొత్త కుట్టు ఎందుకు పట్టదు? ఎంత వెతికినా సరిగ్గా దొరకలేదు.”

అక్క నోరు తెరిచింది. పాత కన్నాల్లోనే మళ్ళీ సూది దూరిస్తే కాగితం ఎలా చిరుగుతుందో చెప్పబోయింది. రెండు వేళ్ళ మధ్య లేని సూది పట్టుకుని చెయ్యి పైకి లేచింది. కూతురు పెన్ను కాగితం మీద ఆనించి, రాసుకోవడానికి సిద్ధంగా చూస్తోంది. అక్క చెయ్యి దించేసింది.

“చెప్పను” అంది.

“అదేంటమ్మా?”

“ముందే అడిగుంటే పది పేజీలూ నేనే ఇచ్చేదాన్ని. అడక్కుండా తీసుకున్నావు. ఇక నా దగ్గర మిగిలింది ఇదొక్కటే. ఇది ఇవ్వను.”

“మరి వాళ్ళడిగితే ఏం చెప్పను?”

“తెలీదని చెప్పు” అంది అక్క. “అదొక్కటైనా నీ సొంత మాట అవుతుంది.”

సంచీ కుర్చీ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అమ్మ మళ్ళీ వచ్చి చెబుతుందని పండు చాలాసేపు ఎదురుచూసింది. అక్క రాలేదు.